సర్వి మొక్కకు ముందు మంచినీళ్లే

గుదైబియాలో కుండీల్లో వేసిన గింజలు మొలవడం లేదని, మొలిచినవి మాడిపోతున్నాయని మనవాళ్లు తరచు అంటుంటారు. ఎందుకో మన బాపట్ల, చీరాల తీరాన ఉన్న సర్వి తోటలను చూస్తే తెలుస్తుంది.

సర్వినే కొందరు సరుగుడు అంటారు. సూదుల్లాంటి కొమ్మలను చూసి పైన్ అనుకుంటాం గాని, అది వేరే కుటుంబం. ఎదిగిన చెట్టు ఉప్పుగాలికి జంకదు. గింజ సంగతి వేరు.

ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. మామూలు సముద్రపు నీటిలో సుమారు 35. బహ్రెయిన్ చుట్టూ ఉన్న నీటిలో 40 దాటుతుంది. గింజ మొలవాలంటే ముందు నీరు పీల్చి ఉబ్బాలి. బయట ఉప్పు ఎక్కువైతే ఆ నీరు లోపలికి రాదు. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగినట్టే, లేత వేరులోని నీరు కూడా బయటికి పోతుంది. ముదిరిన వేర్లు ఉప్పును చాలావరకు అడ్డుకోగలవు; లేత మొక్కకు ఆ శక్తి చాలదు.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తి, పొలాల్లో ఉప్పు మిగిల్చింది. అలాంటి నేలలో సర్వి గింజ చల్లి ఊరుకుంటే తోట లేవదు. నారుమడిలో మంచినీళ్లతో పెంచి, వేరు బలపడ్డాక, వాన ఉప్పును కిందికి కడిగే రోజుల్లో నాటాలి.

ఇక్కడ కడగడానికి వానలు తక్కువ. ఎండకు నీరు ఆవిరైనా ఉప్పు కుండీలోనే ఉండిపోతుంది. కాబట్టి పైపైన చిలకరించక, అప్పుడప్పుడు అడుగు రంధ్రంలోంచి కారేదాకా మంచినీళ్లు పోయండి. మట్టి మీద తెల్లని పొర కడితే, తడి ఉన్నా మొక్కకు దాహం తీరడం లేదన్నమాట.