పాఠశాలయు పనిశాలయు

బాలుడు బడి విడిచిన దినము వేరు. వాడు పని నేర్చి తన కాళ్లపై తాను నిలిచిన దినము వేరు. ఈ రెండింటి నడుమ గడచు నాలుగైదేండ్లలో వాని బాగోగు లెవరు చూడవలెను? తల్లిదండ్రులా? ఉపాధ్యాయులా? పని నేర్పు యజమానులా? లేక వాడు నివసించు నగరమా? నూరేండ్లకు పూర్వమే జర్మనీ దేశమందలి మ్యూనిక్ నగరము ఈ ప్రశ్నకు చక్కని సమాధానము చెప్పినది. దానిని తెలిసికొందము.

మ్యూనిక్ బవేరియాకు రాజధాని. 1900వ సంవత్సరము నాటికి అందు సుమారు ఐదు లక్షల జనులుండిరి. పిల్లలలో పెక్కుమంది పదుమూడు, పదునాలుగేండ్ల ప్రాయమున ప్రాథమిక విద్య ముగించి, వడ్రంగి యొద్దనో, కమ్మరి యొద్దనో, రొట్టెలు కాల్చువాని యొద్దనో పనికి కుదురుచుండిరి. అట్టివారు మరికొన్ని యేండ్లు అనుబంధ పాఠశాలకు పోవలెనను నియమము పూర్వమునుండియు కలదు. కాని ఆ బడులు ఆదివారములందును, సాయంకాలములందును జరుగుచుండెను. పగలంతయు సుత్తి పట్టి యలసిన బాలుడు, చిన్ననాడు చదివిన పాఠములనే అచ్చట మరల వల్లింపవలసి వచ్చెడిది. వానికి కునుకు పట్టుటలో వింత యేమున్నది? చదువ వేసిన నున్న మతి పోయినదను సామెత వారి యెడల నిజమైనది.

1895వ సంవత్సరమున గియోర్గ్ కెర్షెన్‌స్టైనర్ అను నాతడు ఆ నగర పాఠశాలల కధికారిగ నియమింపబడెను. 1854లో జన్మించిన ఈతడు యౌవనారంభమున గ్రామమున సహాయోపాధ్యాయుడుగ నుండి, పిదప గణితశాస్త్రము నభ్యసించి ఉన్నత పాఠశాలలలో బోధించిన వాడు. బడి విడిచిన బాలుడు సైన్యమున చేరు వయస్సు వచ్చువరకు వాని నెట్లు తీర్చిదిద్దవలెనని ఎర్‌ఫుర్ట్ నగరమందలి విద్వత్పరిషత్తు ఒక పోటీ ప్రశ్న నిచ్చెను. కెర్షెన్‌స్టైనర్ వ్రాసిన వ్యాసము బహుమతి పొంది 1901లో అచ్చయ్యెను. బాలుని మనస్సు దేనియందు లగ్నమైయున్నదో దానినుండియే చదువు మొదలిడవలెను. పనికి కుదిరిన వాని మనస్సు వాని వృత్తియందే యుండును. ఇదియే ఆతని సిద్ధాంతము.

ఈ సిద్ధాంతము ననుసరించి ఆతడు అనుబంధ పాఠశాలల రూపమునే మార్చెను. వడ్రంగులకు వేరు తరగతి. రొట్టెలు చేయువారికి వేరు తరగతి. పొగగొట్టములు శుభ్రపరచువారికిని వేరు తరగతి. వడ్రంగి బాలుడు లెక్కలు చేసిన నవి కలప కొలతలు, వెలల లెక్కలు. వాడు బొమ్మ గీసిన నది తాను చేయబోవు కుర్చీ బొమ్మ. ఉత్తరము వ్రాసిన నది సరకు పంపుమని వ్యాపారికి వ్రాయు నుత్తరము. వీనితోపాటు ఆరోగ్య సూత్రములను, పౌరుని హక్కులను, బాధ్యతలను బోధించుచుండిరి. బడులలోనే పనిశాలలు వెలసినవి. నిపుణులైన పనివారే అందు బోధకులైరి.

అయితే ఇది సులభముగ జరిగిన కార్యము కాదు. ఈ చదువు పగటివేళ సాగవలెను. వారములో సుమారు ఒక పనిదినమునకు సరిపడు కాలము దానికై విడువవలెను. ఆ కాలము యజమానుని సొత్తు. 'కుర్రవాడు బడికి పోయిన నా పని యెవరు చేయుదురు?' అని యజమానులు ప్రశ్నించుట సహజమే గదా! కెర్షెన్‌స్టైనర్ వారిపై ఆజ్ఞలు విసరి యూరకుండలేదు. వృత్తిసంఘముల పెద్దలను పిలిచి, ఏమి నేర్పవలెనో వారినే సలహా యడిగెను. పనిశాలలలో వారికి పాలుపంచెను. తమ వృత్తియే పాఠ్యాంశమైనప్పుడు వారి యభ్యంతరము క్రమముగ సడలెను. భవనములు, ఉపాధ్యాయుల జీతములు నగరము భరించెను; యజమానులు కాలము నిచ్చిరి; బడి చదువు నిచ్చెను. ఇట్లు ముగ్గురును తలయొక చేయి వేసిరి.

ఆతడు కోరిన విద్య యెట్టిదో యొక యుదాహరణమువలన తెలియును. 1912లో వెలువరించిన గ్రంథమున ఆతడు గోరువంక జాతికి చెందిన యొక పక్షికి కొయ్యగూడు చేయుటను గూర్చి వ్రాసెను. చేతి కొక పలక యిచ్చి గూడు చేయుమన్నచో, బాలుడు ముందుగ ఆలోచింపవలెను. ఎన్ని ముక్కలు కావలెను? కలప వృథా కాకుండ ఎట్లు కోయవలెను? బొమ్మ గీసి, కొలిచి, కోసి, కూర్చిన పిమ్మట, అంచులు సరిగ కలిసినవో లేదో తానే పరీక్షించుకొనవలెను. కొలత తప్పినచో గురువు చెప్పనక్కరలేదు. సందు కనబడి పలకయే చెప్పును. తన పనిలోని లోపమును తానే కనుగొనుట ఈ విద్యకు ప్రాణము.

ఈ పద్ధతిలో కొరతలు లేకపోలేదు. బాలికలకు చాలకాలము వంట, కుట్టుపని, గృహనిర్వహణములే ప్రధానముగ నేర్పిరి. చిన్ననాడే పనికి కుదిరిన బిడ్డకు ఉన్నతవిద్యా ద్వారము దాదాపు మూసికొనిపోయెడిది. కాలక్రమమున ఈ కొరతలను తగ్గించు యత్నములు జరిగినవి. మూలసూత్రము మాత్రము నిలిచినది. పదునెనిమిదేండ్లు నిండువరకు అనుబంధ విద్య యుండవలెనని 1919నాటి జర్మను రాజ్యాంగము పలికెను. 1969లో పశ్చిమ జర్మనీ వృత్తిశిక్షణకై ప్రత్యేక చట్టము చేసెను. నేడు ఆ దేశమున పని నేర్చు యువకులును, యువతులును సాధారణముగ వారములో ఒకటి రెండు దినములు బడిలోను, తక్కిన దినములు పనిశాలలోను గడుపుచు, భత్యము పొందుచు విద్య నేర్చుచున్నారు. మ్యూనిక్ నగరము నేటికిని పలు వృత్తిపాఠశాలలను స్వయముగ నడుపుచున్నది.

మన దేశమునను 1961లో అప్రెంటిస్ చట్టము వెలసినది. జర్మను పద్ధతిని ఆదర్శముగ గొని, సంస్థలోను పరిశ్రమలోను కలిపి నేర్పు ద్వంద్వ శిక్షణ 2016లో మన పారిశ్రామిక శిక్షణ సంస్థలందు ప్రవేశపెట్టబడినది.

విద్యార్థులారా! పని నేర్పని చదువు ఒంటి చక్రపు బండి. చదువు లేని పనియు నట్టిదే. ఆ రెండు చక్రములను కలుపు ఇరుసు వంటిది నగరము. మీలో కొందరు మరి రెండేండ్లలో బడి విడిచి పనిలో ప్రవేశింపవచ్చును. ఆనాడు మీ పుస్తకములను అటకపై పడవేయకుడు. మీరు కొలుచు కొలతలోను, వ్రాయు చీటిలోను, చదువు చట్టములోను ఆ పుస్తకములే మీకు తోడై నిలుచును.