అవతలి పక్షాన నిలబడి మాట్లాడగలరా?
మాక్ పార్లమెంటు నేర్పే పాఠం ఇదే.. ఉద్యోగ వేటలో పనికొచ్చేదీ ఇదే

నాగార్జునసాగర్ ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం ప్రాంతాలను దాటుకుని వచ్చాకే జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పొలాలకు చేరుతుంది. పైనుంచి నీళ్లు సరిపడా వదిలితే సరే. లేదంటే చివరి ఆయకట్టు రైతు కాలువ గట్టు మీద నిలబడి ఎదురుచూడాల్సిందే. ఈ ప్రాంతంలో పుట్టి పెరిగిన ఏ డిగ్రీ విద్యార్థినైనా ‘దిగువ వాళ్లకు నీటి మీద హక్కు ఉండాలా?’ అని అడిగి చూడండి. పది నిమిషాలు ఆపకుండా మాట్లాడతారు.

అదే విద్యార్థితో ‘ఇప్పుడు ఎగువ వాళ్ల తరఫున మాట్లాడు’ అంటే?

చాలామంది అక్కడే ఆగిపోతారు. ‘వాళ్ల తరఫున నేనెందుకు మాట్లాడాలి?’ అని ఎదురు ప్రశ్న వేస్తారు. గ్రూప్ డిస్కషన్లలో, ఇంటర్వ్యూల్లో మనవాళ్లు తడబడేది కూడా సరిగ్గా ఇక్కడే. విషయం తెలియక కాదు, భాష రాక కూడా కాదు. అవతలివాళ్ల వాదనలో బలం ఎంతో ఎప్పుడూ తూకం వేసి చూడకపోవడం వల్ల. ఆ అలవాటు చేయించడానికే ప్రపంచమంతా విద్యార్థులతో మాక్ పార్లమెంట్లు నడుపుతోంది. వేర్వేరు దేశాల విద్యార్థులు ఒకే సభలో కూర్చుని రాజకీయాలు చర్చించుకునే ఆ వేదికలు మనకూ మరీ దూరమేం కాదు.

ఏ దేశం వస్తే ఆ దేశమే

కాలేజీల్లో ఎక్కువగా వినిపించే పేరు మోడల్ యునైటెడ్ నేషన్స్. అందరూ ఎంయూఎన్ అంటారు. ఇందులో విద్యార్థి తన దేశం తరఫున కాకుండా, నిర్వాహకులు కేటాయించిన దేశం తరఫున మాట్లాడాలి. ఐక్యరాజ్యసమితిలో 193 సభ్యదేశాలున్నాయి. మీకు ఏది వస్తుందో మీ చేతిలో ఉండదు.

ఉదాహరణకు నైలు నది తగాదా తీసుకోండి. ఇథియోపియా 2011లో బ్లూ నైలు మీద భారీ ఆనకట్ట కట్టడం మొదలుపెట్టి, 2025 సెప్టెంబరులో ప్రారంభించింది. దిగువన ఉన్న ఈజిప్టు తన నీటి అవసరాలకు దాదాపు పూర్తిగా నైలు మీదే ఆధారపడుతుంది. ‘మా గొంతు మీద చెయ్యి వేశారు’ అన్నది ఈజిప్టు బాధ. ‘నైలు నీటిలో అత్యధిక భాగం మా కొండల నుంచే వస్తోంది, మా ఇళ్లలో దీపం వెలగొద్దా?’ అన్నది ఇథియోపియా ప్రశ్న.

సాగర్ కాలువ చివర్న పెరిగిన విద్యార్థికి ఈజిప్టు భయం ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆ సభలో ఇథియోపియా బోర్డు మీ ముందు పెడితే అసలు పరీక్ష మొదలవుతుంది. ఎగువ దేశం లెక్కలు చదవాలి, ఆ అవసరాన్ని నిజాయతీగా చెప్పాలి. అంతటితో అయిపోదు. చివరకు తీర్మానం ముసాయిదా రాసి ఇతర దేశాల మద్దతు కూడగట్టాలి. ఈజిప్టు స్థానంలో కూర్చున్న విద్యార్థి ఏ వాక్యానికి ఒప్పుకుంటాడో, ఏ మాటకు లేచిపోతాడో పసిగట్టాలి. బల్ల గుద్ది మాట్లాడేవాళ్ల కంటే విరామంలో నలుగురితో కూర్చుని ఆ ఒక్క వాక్యం సరిచేసేవాళ్లే ఇక్కడ ముందుంటారు.

పావుగంటలో ప్రధాని

రెండో రకం పార్లమెంటరీ డిబేట్. 1981లో గ్లాస్గోలో మొదలైన ప్రపంచ విశ్వవిద్యాలయాల డిబేటింగ్ పోటీలు ఈ పద్ధతిలోనే సాగుతాయి. 2014 పోటీలకు మన పొరుగునే ఉన్న చెన్నై ఆతిథ్యమిచ్చింది. ఒక్కో చర్చలో ఇద్దరిద్దరు చొప్పున నాలుగు జట్లుంటాయి. రెండు ప్రభుత్వ పక్షం, రెండు ప్రతిపక్షం. వక్తలను పిలిచేదీ ప్రధాని, ప్రతిపక్ష నేత, విప్ అనే పేర్లతోనే. అంశం ప్రకటించాక సిద్ధం కావడానికి ఇచ్చేది 15 నిమిషాలు. ఆ సమయంలో ఇంటర్నెట్ చూడకూడదు. మాట్లాడేందుకు 7 నిమిషాలు. మొదటి, చివరి నిమిషాలు మినహా మధ్యలో అవతలి పక్షం లేచి ప్రశ్న అడగొచ్చు.

ఇక్కడా పక్షాన్ని ఎంచుకునే వీలు లేదు. మీకు నచ్చని విధానాన్ని సమర్థించాల్సి రావొచ్చు.

‘మాది తెలుగు మీడియం, మా ఇంగ్లిష్ విని నవ్వుతారేమో’ అనుకునేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. ఈ పోటీల్లో వాదనను రాజకీయాలు కొంత తెలిసిన సాధారణ ఓటరు దృష్టితో తూకం వేయాలని న్యాయనిర్ణేతలకు చెబుతారు. యాసకు మార్కులుండవు. ఇంగ్లిష్ రెండో భాషగా నేర్చుకున్నవాళ్ల కోసం వేరే విభాగం కూడా ఉంది. అక్కడ చూసేది మీరు చెప్పిన కారణం నిలబడుతుందా లేదా అన్నదే.

మూడోది కామన్వెల్త్ యూత్ పార్లమెంటు. ఇది అచ్చం చట్టసభలాగే నడుస్తుంది. పలు దేశాల నుంచి వచ్చిన 18 నుంచి 29 ఏళ్ల యువత ప్రభుత్వంగా, ప్రతిపక్షంగా విడిపోయి ఒక బిల్లు మీద చర్చిస్తారు. పదో విడత సమావేశాలు 2019 నవంబరులో ఢిల్లీ శాసనసభలో జరిగాయి.

మొదటి స్పీకర్ మన నందిగామవారే

ఇవన్నీ పెద్ద ఊళ్ల పిల్లల వ్యవహారం అనిపిస్తోందా? అయితే ఒక పేరు గుర్తుచేసుకోవాలి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక శాసనసభకు తొలి స్పీకర్ అయిన అయ్యదేవర కాళేశ్వరరావు పుట్టింది నందిగామలోనే. విజయవాడలో కాళేశ్వరరావు మార్కెట్ మీదుగా రోజూ వెళ్లేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో! రాష్ట్ర శాసనసభను మొదట నడిపించిన గొంతు ఈ మెట్ట ప్రాంతానిదే.

ఇటీవలి ముచ్చట కూడా ఉంది. 2025 నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవం సందర్భంగా అమరావతిలో విద్యార్థులతో మాక్ అసెంబ్లీ జరిగింది. నియోజకవర్గానికి ఒకరు చొప్పున 175 మంది సభ్యులు. అంటే జగ్గయ్యపేటకూ, నందిగామకూ అక్కడ కుర్చీలున్నాయన్నమాట. బడి పిల్లలు ఆ పని చేయగలిగినప్పుడు డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులు వెనకాడాల్సిన పనేముంది?

కాలేజీ స్థాయిలో ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి, కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ నడిపే యువజన పార్లమెంటు పథకం. 1966లో ఢిల్లీ పాఠశాలల్లో మొదలైంది. 2019లో దీనికి ప్రత్యేక పోర్టల్ వచ్చింది. 9 నుంచి ఇంటర్ వరకు ‘కిశోర్ సభ’, డిగ్రీ, పీజీ విద్యార్థులకు ‘తరుణ్ సభ’. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఏ భాషలోనైనా సభ నడుపుకోవచ్చు. అంటే నిక్షేపంగా తెలుగులో చేసుకోవచ్చు.

రెండోది, కేంద్ర యువజన వ్యవహారాల శాఖ 2019లో జాతీయ యువజన పార్లమెంటు ఉత్సవంగా మొదలుపెట్టిన పోటీ. 2025లో ‘వికసిత్ భారత్ యూత్ పార్లమెంట్’ పేరుతో నిర్వహించారు. 18 నుంచి 25 ఏళ్ల లోపువాళ్లు మై భారత్ పోర్టల్లో ఒక నిమిషం వీడియో పెట్టి ప్రవేశం పొందారు. అక్కడి నుంచి జిల్లా, రాష్ట్రం, ఆపై ఢిల్లీ. ప్రకటన ఎప్పుడొస్తుందో పోర్టల్లో చూస్తుండాలి. ఎన్ఎస్ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్‌ను అడిగినా దారి చెబుతారు.

ఒక్క గంట చాలు

వీటికోసం ఎదురుచూడకుండా మీ కాలేజీలో ఒక సభ పెట్టుకోవచ్చు. ఓ 50 మంది, ఒక సెమినార్ హాలు, ఒక గంట. ప్రమాణ స్వీకారం, సంతాప తీర్మానం కలిపి 5 నిమిషాలు. ప్రశ్నోత్తరాలు 20. సావధాన తీర్మానం 10. బిల్లు మీద చర్చ 20. మిగిలిన 5 నిమిషాల్లో ఓటింగ్. నిజమైన పార్టీల పేర్లు, నాయకుల పేర్లు మాత్రం లోపలికి రానివ్వొద్దు. వాటితో పాటే గొడవలూ వస్తాయి.

అంశం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. 2023 జులై చివర్లో మున్నేరు పొంగి, నందిగామ దగ్గర ఐతవరం వద్ద 65వ నంబరు జాతీయ రహదారి మీదికి నీళ్లొచ్చాయి. హైదరాబాద్, విజయవాడ మధ్య రాకపోకలు నిలిచిపోయాయి. దీని మీద ఒక ప్రశ్న రాయండి చూద్దాం.

‘వరద నివారణకు ఏం చేస్తున్నారు?’ అని రాస్తే మంత్రి స్థానంలో కూర్చున్న మీ స్నేహితుడు ‘అన్ని చర్యలూ తీసుకుంటున్నాం’ అని కూర్చుంటాడు. ‘రహదారి ఎత్తు ఎప్పుడు పెంచుతారు?’ అని అసెంబ్లీలో అడిగితే ‘జాతీయ రహదారులు కేంద్రం పరిధిలోవి’ అని తప్పించుకుంటాడు. ‘ఆ రోజు ప్రయాణికులను దారి మళ్లించే బాధ్యత ఏ శాఖది? ఎన్ని గంటలకు హెచ్చరిక జారీ చేశారు?’ అని అడిగితే ఇక తప్పించుకోలేడు. జవాబు వచ్చాక దాని మీదే అనుబంధ ప్రశ్న వేయాలి. అది ఇంటి దగ్గర రాసుకొచ్చేది కాదు. మంత్రి ఏమన్నాడో చెవిన పెడితేనే తడుతుంది. మాక్ పార్లమెంటులో మాట్లాడటం కంటే వినడం కష్టమని అప్పుడు అర్థమవుతుంది.

సభ ముగిశాక అసలు పని చేయండి. పక్షాలు మార్చేసి, వారం తర్వాత అదే బిల్లు మీద మళ్లీ చర్చ పెట్టండి. నిన్నటి ప్రతిపక్షం నేడు ప్రభుత్వం. పోయిన వారం తాము ఎగతాళి చేసిన జవాబే ఇప్పుడు తాము చెప్పాల్సి వస్తుంది. డబ్బు ఎక్కణ్నుంచి తేవాలి, భూమి ఎవరిది తీసుకోవాలి అన్న ప్రశ్నలు అప్పుడు బరువెక్కుతాయి.

ఉద్యోగానికి ఇదెలా పనికొస్తుంది?

సైన్యంలో ఆఫీసర్ల ఎంపికకు జరిపే ఎస్ఎస్‌బీలో గ్రూప్ డిస్కషన్ ఒక భాగం. సివిల్స్‌లో మెయిన్స్, ఇంటర్వ్యూ కలిపి 2025 మార్కులైతే అందులో ఇంటర్వ్యూకు 275. ఆ ఇంటర్వ్యూను తెలుగులో ఇచ్చే వీలు కూడా ఉంది. ఇలాంటి చోట్ల బోర్డు సభ్యులు కావాలనే మీ అభిప్రాయానికి ఎదురు వాదన పెడతారు. అప్పుడు రెండు రకాల అభ్యర్థులు కనిపిస్తారు. ‘ఎస్ సర్, మీరు చెప్పిందే కరెక్ట్’ అని వెంటనే జారిపోయేవాళ్లు ఒకరు. అన్నదే మళ్లీ గట్టిగా అనేవాళ్లు ఇంకొకరు. ‘మీరన్న దాంట్లో ఈ మేరకు నిజముంది, అయినా నేను ఈ కారణంతో ఇలా అనుకుంటున్నాను’ అని చెప్పగలిగేవాళ్లు అరుదు. అవతలి పక్షాన ఒక్కసారైనా నిలబడి వచ్చినవాళ్లకు ఆ వాక్యం తేలిగ్గా వస్తుంది.

ఈ ఆసక్తినే వృత్తిగా మలచుకునే దారులూ ఉన్నాయి. పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ లాంప్ ఫెలోషిప్ కింద యువ పట్టభద్రులను ఎంపీల దగ్గర సహాయకులుగా నియమిస్తుంది. బిల్లులు చదివి సారాంశం రాయడం, ప్రశ్నలు తయారుచేయడం అక్కడ పని. పార్లమెంటులో అనువాదకుల కొలువులూ ఉంటాయి. తెలుగు, ఇంగ్లిష్ రెండూ బాగా వచ్చినవాళ్లు ఇటు కూడా దృష్టి పెట్టొచ్చు.

రెజ్యుమేలో మాత్రం ‘యూత్ పార్లమెంటులో పాల్గొన్నాను’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఏ పాత్ర, ఏ అంశం, మీరు ప్రతిపాదించిన ఏ సవరణ నెగ్గింది, లేదా ఎందుకు వీగిపోయింది అన్నది రెండు వరుసల్లో రాయండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు సర్టిఫికెట్ గురించి కాదు, ఆ రెండు వరుసల గురించే అడుగుతారు.

ఇంతకీ మొదటి ప్రశ్న అలాగే ఉంది. ఈ వారం ఓ గంట తీరిక చేసుకుని, సాగర్ నీళ్లలో ఎగువ వాళ్లకు ఎక్కువ వాటా ఎందుకివ్వాలో ఒక పేజీ రాయండి. రాసింది మీ ఊళ్లో చివరి ఆయకట్టు రైతుకు చదివి వినిపించండి. ఆయన ఒప్పుకోడు, వాదనకు దిగుతాడు. జవాబు చెప్పండి. మీ మొదటి సభ మొదలైనట్టే.