వంకర క్రేటు వెనుక చల్లారని అచ్చు
అచ్చులో నీటి ప్రవాహం సరిగా లేకే గోడలు వంగుతున్నాయి

ఎ.కొండూరు: మామిడి కోతలు మొదలైతే ఎ.కొండూరు, తిరువూరు, విస్సన్నపేట ప్రాంత తోటల్లో ప్లాస్టిక్‌ క్రేట్లకు గిరాకీ పెరుగుతుంది. కోసిన బంగినపల్లి, కలెక్టరు కాయలను వీటిలో సర్ది, ఒకదానిపై ఒకటి పేర్చి నున్న మార్కెట్‌కు తరలిస్తుంటారు. ఈ పేర్పు నిలవాలంటే క్రేట్ల అంచులు ఒకే మట్టంలో ఉండాలి. గోడలు లోపలికి వంగినా, అడుగు ఉబ్బినా పై క్రేటు కింది క్రేటు అంచుపై సరిగా కూర్చోదు. లారీ గతుకుల్లో ఊగినపుడల్లా బరువు కాయలపైనే పడుతుంది. నొక్కుకున్న కాయపై మచ్చ అప్పటికప్పుడు కనిపించదు. మగ్గే సమయంలో నల్లబడుతుంది. దానికి క్రేటే కారణమని అప్పుడు ఎవరికీ తోచదు.

క్రేటు వంకర పోతే నాసిరకం ప్లాస్టిక్‌ వాడారని అనుకోవడం పరిపాటి. పాత సరకు కలిపితే నాణ్యత తగ్గే మాట నిజమే. అయితే మేలైన ముడిసరకు వాడినా క్రేటు వంగవచ్చు. తరచూ దీనికి మూలం ప్లాస్టిక్‌లో కాక, దాన్ని పోతపోసే అచ్చును చల్లబరిచే తీరులో ఉంటుంది.

ఎందుకు వంగుతుంది?

క్రేట్ల తయారీలో ఎక్కువగా వాడే హెచ్‌డీపీఈ ప్లాస్టిక్‌ గుళికలను 200 డిగ్రీల సెల్సియస్‌కు పైగా కరిగించి, అధిక పీడనంతో ఉక్కు అచ్చులోకి నెడతారు. అచ్చు గోడల్లో తొలిచిన రంధ్రాల గుండా నీరు ప్రవహిస్తూ వేడిని తీసుకుపోతుంది. చల్లారే క్రమంలో ఈ ప్లాస్టిక్‌ సుమారు 1.5 నుంచి 3 శాతం కుదించుకుపోతుంది. అర మీటరు పొడవున్న గోడ 2 శాతం తగ్గితే 10 మి.మీ. పోయినట్లే. ఇది తయారీదారులకు తెలిసిందే కనుక అచ్చును ఆ మేరకు పెద్దదిగా చేయిస్తారు. అన్ని వైపులా ఒకేలా కుదించుకుపోతే ఏ ఇబ్బందీ లేదు.

ఒక వైపు ఎక్కువ, మరో వైపు తక్కువ కుదించుకుపోతేనే చిక్కు. 3 మి.మీ. మందం, 500 మి.మీ. పొడవు ఉన్న పలకలో ఒక ముఖం రెండో ముఖం కన్నా కేవలం 0.1 శాతం ఎక్కువ కుదించుకుపోయినా, ఆ పలకను అడ్డుకునేది ఏదీ లేకుంటే మధ్యలో దాదాపు 10 మి.మీ. వంపు వస్తుందని లెక్క చెబుతుంది. క్రేటుకు చుట్టూ పక్కటెముకల్లా ఉండే పట్టీలు ఈ వంపును చాలావరకు ఆపుతాయి. మిగిలినదే మనకు కనిపించే వంకర.

ఆలస్యంగా చల్లారిన ముఖమే ఎక్కువ కుదించుకుపోతుంది. ఫలితంగా పలక వేడిగా ఉన్న వైపునకు వంగుతుంది. క్రేటు లోపలి ఆకారాన్ని ఇచ్చే అచ్చు భాగాన్ని కోర్‌ అంటారు. దాని చుట్టూ వేడి ప్లాస్టిక్‌ కమ్ముకుని ఉంటుంది. ముఖ్యంగా మూలల వద్ద రెండు గోడల వేడి ఒకే చోట చేరుతుంది. బయటి భాగానికి నీరు అందించినంత సులువుగా కోర్‌లోకి అందించలేరు. పెట్టెలు, క్రేట్ల గోడలు సాధారణంగా లోపలికే వంగడానికి కారణమిదే.

హెచ్‌డీపీఈ వంటి ప్లాస్టిక్‌లకు మరో గుణం ఉంది. నెమ్మదిగా చల్లారే చోట అణువులు వరుసగా సర్దుకునే వ్యవధి దొరికి, అక్కడ కుదింపు మరింత పెరుగుతుంది. గృహోపకరణాల తొడుగులకు వాడే ఏబీఎస్‌లో కుదింపు 0.4 నుంచి 0.7 శాతమే కనుక వాటికి ఈ బెడద తక్కువ.

తొందరే కొంప ముంచుతోంది

ఒక క్రేటు తయారీకి పట్టే సమయంలో సగానికి పైగా చల్లార్చడానికే పోతుంది. ఉత్పత్తి పెంచాలనుకునే యజమాని చూపు ముందుగా ఈ సెకన్లపైనే పడటం సహజం. కానీ లోపల ఇంకా మెత్తగా ఉన్న క్రేటును బయటకు నెట్టేస్తే, పట్టి ఉంచే అచ్చు లేక అది తన ఇష్టానుసారం ముడుచుకుంటుంది. మందం విషయంలోనూ జాగ్రత్త అవసరం. చల్లారే సమయం మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 2 మి.మీ. గోడకు పట్టే సమయంతో పోలిస్తే 3 మి.మీ. గోడకు రెండుంపావు రెట్లు కావాలి. గట్టిగా ఉంటుందని ఒక అంచునే మందంగా చేయిస్తే అది చివరగా చల్లారి మిగతా గోడను లాగేస్తుంది.

నీటి విషయానికి వస్తే చల్లదనం ఒక్కటే చాలదు, వేగమూ కావాలి. నెమ్మదిగా పారే నీరు పొరలు పొరలుగా సాగి, మధ్యనున్న చల్లని నీరు రంధ్రం గోడను తాకకుండానే వెళ్లిపోతుంది. 10 మి.మీ. రంధ్రంలో 30 డిగ్రీల నీరు బాగా సుడులు తిరగాలంటే నిమిషానికి 4 లీటర్లయినా పారాలి. ఖర్చు కలిసి వస్తుందని అచ్చు మొత్తానికి ఒకే గొట్టాన్ని చుట్టబెడితే, చివరి భాగానికి చేరేసరికి నీరు వేడెక్కిపోతుంది. లోపలికి వెళ్లే నీటికి, బయటకు వచ్చే నీటికి మధ్య తేడా 5 డిగ్రీలు మించకూడదు. 2, 3 డిగ్రీల్లో ఉంటే మేలు. విడివిడి గొట్టాలు పెట్టినా నిశ్చింతగా ఉండలేం. నీరు తేలిక దారినే ఎంచుకుంటుంది, పూడిన రంధ్రాన్ని వదిలేస్తుంది. దీన్ని పట్టుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ప్రతి గొట్టం చివర బకెట్టు పెట్టి, గడియారం చూసి కొలిస్తే సరిపోతుంది.

పూడికకు ప్రధాన కారణం బోరు నీటి కాఠిన్యం. ఇంట్లో నీళ్లు కాచే గిన్నెకు పట్టే తెల్లటి పొరే అచ్చులోనూ పేరుకుంటుంది. 1 మి.మీ. పొర వేడిని అడ్డుకోవడంలో 10 మి.మీ.కు మించిన ఉక్కుతో సమానం. ఈ పొర అన్ని రంధ్రాల్లో ఒకేలా పట్టదు. నిరుడు తిన్నగా వచ్చిన క్రేటు ఈ ఏడాది అదే అచ్చులో వంగి వస్తే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. మెత్తని నీటిని అచ్చులకు మాత్రమే తిరిగేలా ఏర్పాటు చేసుకోవడం, రంధ్రాలను ఏటా శుభ్రం చేయించడం మంచిది.

చిల్లర్‌తో నీటిని మరీ చల్లబరిచినా ప్రయోజనం ఉండదు. కోస్తా గాలిలోని తేమకు అచ్చుపై మంచు బిందువుల్లా నీరు పట్టి, క్రేటుపై మరకలు, అచ్చుకు తుప్పు వస్తాయి. పైగా బయటి భాగం అతిగా చల్లబడితే కోర్‌తో తేడా ఇంకా పెరుగుతుంది. కోర్‌ను మరింత చల్లార్చే వీలు లేనప్పుడు బయటి భాగానికి కాస్త వెచ్చని నీరు ఇస్తే వంపు తగ్గుతుంది. వినడానికి వింతగా ఉన్నా ఇది పనిచేసే చిట్కాయే. అయితే ఒక్కో క్రేటుకు కొన్ని సెకన్లు ఎక్కువ పడతాయి.

శాశ్వత పరిష్కారం అచ్చు తయారీలోనే ఉంది. కోర్‌లో లోతుగా తొలిచిన రంధ్రం మధ్య అడ్డుపలక పెడితే నీరు ఒక పక్కన పైకి ఎక్కి రెండో పక్కన దిగుతుంది. మూలల్లో ఉక్కుకు బదులు వేడిని త్వరగా లాగే రాగి మిశ్రమం ముక్కలు అమర్చవచ్చు. లోహపు త్రీడీ ప్రింటింగ్‌తో క్రేటు ఒంపులను అనుసరించే నీటి దారులు కూడా సాధ్యమే కానీ, ఆ ఖర్చు చిన్న పరిశ్రమలకు భారమే. 1968లో చెన్నైలో ఆరంభమైన సిపెట్‌ సంస్థకు గన్నవరం సమీపంలోని సూరంపల్లిలో కేంద్రం ఉంది. అచ్చుల రూపకల్పన, ప్లాస్టిక్‌ తయారీ పద్ధతులు ఈ సంస్థ శిక్షణాంశాలు. కొత్త అచ్చుకు లక్షలు వెచ్చించే ముందు, నీటి దారులను కంప్యూటర్‌లో పరీక్షించి చూసుకోవడం ఎంతో చవక.

కొనే రైతులు సైతం క్రేటును క్షణాల్లో పరీక్షించుకోవచ్చు. చదునైన గచ్చుపై ఖాళీ క్రేటు ఉంచి, ఎదురెదురు మూలలను చేతులతో నొక్కాలి. ఊగితే అడుగు మెలి తిరిగినట్లు. పై అంచు వెంట ఈ మూల నుంచి ఆ మూలకు దారం లాగి పట్టుకుంటే గోడ ఎంత లోపలికి పోయిందో తెలుస్తుంది. అయితే యంత్రం నుంచి అప్పుడే వచ్చిన క్రేటును కొలిచి నిర్ధారణకు రాకూడదు. హెచ్‌డీపీఈ కుదింపు మరో ఒకటి రెండు రోజులు కొనసాగుతుంది.