పాలీహౌస్‌లలో ఉష్ణోగ్రత, తేమ సెన్సర్ల నిర్వహణ

పాలీహౌస్‌లలో కీరదోస, క్యాప్సికం, జర్బెరా వంటి పంటలు సాగు చేసేటప్పుడు ఫాగర్లు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఎప్పుడు పనిచేయాలో, ఎప్పుడు ఆగాలో సెన్సర్ పంపే అంకెలే నిర్ణయిస్తాయి. సెన్సర్ పూర్తిగా పాడైతే కంట్రోలర్ తెరపై అంకె కనిపించదు కనుక లోపం వెంటనే తెలుస్తుంది. దుమ్ము, లవణాలు, మందుల అవశేషాలు పేరుకొన్న సెన్సర్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. అది చూపే అంకె క్రమంగా వాస్తవానికి దూరమవుతుంది. తేమను తక్కువగా చూపితే ఫాగర్లు అవసరానికి మించి పనిచేసి, ఆకులు తడిగా ఉండి, కీరదోసలో బూజు తెగులుకు అనుకూల పరిస్థితి ఏర్పడుతుంది. ఎక్కువగా చూపితే ఫాగర్లు ఆగిపోయి మొక్కలు వడలుతాయి. కాబట్టి సెన్సర్‌ను పాడైన తరువాత కాక, పనిచేస్తున్నప్పుడే సరిచూడటం అవసరం.

పనిచేసే విధానం

ప్రస్తుతం వాడుకలో ఉన్న తేమ సెన్సర్లలో ఎక్కువ భాగం కెపాసిటర్ రకానికి చెందినవి. వీటిలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పలుచని పాలిమర్ పొర ఉంటుంది. గాలిలోని నీటి ఆవిరిని ఈ పొర పీల్చుకొన్నప్పుడు కెపాసిటెన్స్ పెరుగుతుంది. ఆ మార్పును సెన్సర్ తేమ శాతంగా చూపుతుంది. పొరపై మరే పదార్థం చేరినా కొలత మారుతుంది.

అమర్చే స్థలం

సెన్సర్‌ను పంట పైభాగం ఎత్తులో, గాలి ఆడే కవచంలో, నేరుగా ఎండ సోకకుండా అమర్చాలి. పంట పెరిగేకొద్దీ ఎత్తు మార్చాలి. ఫాగర్ తుంపర్లు పడేచోట, కూలింగ్ ప్యాడ్‌కు ఆనుకొని, ఫ్యాన్ల ఎదుట ఉంచరాదు. 30 డిగ్రీల సెల్సియస్, 80 శాతం తేమ గల గాలిలో ఎండ సోకి సెన్సర్ 32 డిగ్రీలకు వేడెక్కితే, అది చూపే తేమ సుమారు 71 శాతమే. ఫాగర్లను 75 శాతం వద్ద అమర్చి ఉంటే, తేమ చాలినంత ఉన్నా అవి పనిచేయడం మొదలుపెడతాయి. సెన్సర్‌లో ఏ లోపమూ లేకపోయినా స్థలదోషం వల్ల ఈ పొరపాటు జరుగుతుంది.

శుభ్రపరచడం

కవచం పలకలను మెత్తని తడిగుడ్డతో తుడవాలి. సెన్సర్‌పై ఉండే వడపోత మూతను విప్పి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, పూర్తిగా ఆరిన తరువాతే బిగించాలి. పాలిమర్ పొరను వేలితో తాకరాదు; సబ్బు, స్పిరిట్ వంటివి వాడరాదు. మందులు పిచికారీ చేసేటప్పుడు, గంధకం పొగ పెట్టేటప్పుడు సెన్సర్‌ను పాలిథిన్ సంచితో కప్పి, కంట్రోలర్‌ను మాన్యువల్‌కు మార్చాలి. పని ముగిసి, గాలి మారిన తరువాత సంచిని తీసివేసి తిరిగి ఆటోమేటిక్‌కు మార్చడం మరువరాదు.

తేమను సరిచూడటం

సంతృప్త ఉప్పు ద్రావణం పైనున్న గాలిలో తేమ స్థిరంగా ఉంటుంది. 25 డిగ్రీల వద్ద సోడియం క్లోరైడ్‌కు ఇది సుమారు 75 శాతం, మెగ్నీషియం క్లోరైడ్‌కు సుమారు 33 శాతం. ప్రయోగశాల శ్రేణి ఉప్పుకు కొద్దిగా డిస్టిల్డ్ వాటర్ కలిపి, తడి ఇసుకలా ఉండే ముద్దను గాజు సీసా అడుగున ఉంచాలి. కరగని ఉప్పు ఇంకా కనిపిస్తూ ఉండాలి. ముద్దకు తగలకుండా సెన్సర్‌ను వేలాడదీసి, మూతను గాలి చొరకుండా బిగించి, ఉష్ణోగ్రత మారని గదిలో ఒక రాత్రంతా ఉంచాలి. తేడా తయారీదారు పేర్కొన్న పరిమితిలో ఉంటే మార్పు అక్కరలేదు. రెండు ద్రావణాల వద్దా తేడా ఒకేలా ఉంటే కంట్రోలర్‌లో ఆ మేరకు సవరించవచ్చు. రెండింటి వద్ద తేడాలు వేర్వేరుగా ఉంటే ఒకే సవరణ సరిపోదు. క్యాలిబ్రేషన్‌కు పంపాలి లేదా సెన్సర్‌ను మార్చాలి. దీర్ఘకాలం అధిక తేమలో ఉన్న సెన్సర్ తాత్కాలికంగా ఎక్కువ చూపవచ్చు. కనుక కొంతకాలం పొడి గాలిలో ఉంచి మళ్ళీ పరీక్షించిన తరువాతే నిర్ణయానికి రావాలి.

ఉష్ణోగ్రత, తీగలు, రికార్డు

ఉష్ణోగ్రతను నీడలో, సెన్సర్ పక్కనే ఉంచిన నమ్మకమైన థర్మామీటర్‌తో ఉదయం, మధ్యాహ్నం పోల్చాలి. తేమ సెన్సర్‌ను మంచునీటిలో ముంచరాదు. తీగల అతుకుల వద్ద చిలుము ఉంటే అంకెలు ఒక్కసారిగా ఎగిరిపడతాయి; అటువంటప్పుడు సెన్సర్‌ను మార్చే ముందు అతుకులను పరిశీలించాలి. శుభ్రపరచిన తేదీ, ద్రావణం వద్ద చూపిన అంకె, చేసిన సవరణ ఒక పుస్తకంలో నమోదు చేయాలి. ప్రతి పంటకాలం మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి ఈ పరీక్ష జరిపితే, తేడా ఏ దిశలో, ఎంత వేగంగా పెరుగుతున్నదో ఆ నమోదులే తెలుపుతాయి. దానినిబట్టి పంట నష్టపోకముందే సెన్సర్‌ను మార్చుకొనే వీలు కలుగుతుంది.