దీపావళి రాత్రి సారమేయము

మహాభారతము చదువ మొదలిడిన విద్యార్థికి తొలుదొల్త తారసిల్లు కథలలో సరమ కథ యొకటి. జనమేజయుడు సత్రయాగము చేయుచున్న చోటికి దేవశునియైన సరమ కొడుకు, సారమేయుడు, ఆడుకొనుచు వచ్చెను. రాజు తమ్ములు ముగ్గురును వానిని కొట్టి తరిమిరి. తప్పేమియు చేయని బిడ్డను ఏల కొట్టితిరని తల్లి వచ్చి నిలదీసినది. జవాబు చెప్పువారు లేకపోయిరి. అప్పు డామె యిచ్చిన శాపము విచిత్రమైనది. చావు గాదు, రాజ్యనాశము గాదు. కారణము కనబడని భయము వచ్చి పట్టునని శపించినది. అంతటి చక్రవర్తియు ఆ మాటకు కలతపడి, దానికి శాంతి చేయగల పురోహితుని వెదకుకొనుచు పోయినాడు.

నేటి దీపావళి రాత్రులలో ఆ శాపము మరలివచ్చి సరమ సంతతికే తగులుకొన్నట్లున్నది. వీధిలో లక్ష్మీబాంబు పేలును. పేల్చిన పిల్లవానికి అది ఎప్పుడు పేలునో తెలియును. వాడే వత్తి అంటించి, చెవులు మూసికొని, దూరముగ పరుగెత్తినాడు. అరుగుమీది కుక్కకు ఆ వత్తి సంగతి తెలియదు. లారీ వచ్చుచున్నచో చప్పుడు క్రమముగా హెచ్చును. వాన వచ్చుటకు ముందు గాలి మారును, మట్టి వాసన వచ్చును. టపాకాయకు అట్టి ముందుమాట యేదియు లేదు. ఆకాశము ఉన్నట్లుండి పగులును, పగిలినదెవరో కనబడరు, కరచుటకు శత్రువు లేడు, పారిపోవుటకు దిక్కు తెలియదు.

దానికి తోడు ఆ చెవి మన చెవి వంటిది కాదు. మనుష్యుడు వినగల ధ్వని సెకనుకు 20 కంపనములు మొదలు 20,000 వరకు. కుక్క దాదాపు 45,000 వరకు వినగలదు. మనకు అందని సన్నని సవ్వడి దానికి చాల దూరమునుండియే అందును. జువ్వ పైకెగయునప్పటి కీచు మనకు వేడుక. ఆ కీచులో మనము వినని భాగము కూడ దాని చెవిలో పడుచున్నది.

భయపడిన కుక్కను గుర్తుపట్టుట కష్టము కాదు. వణకును, ఎండ లేకున్నను రొప్పును, చొంగ కార్చును, తోక కాళ్ళ సందున దాచును. మంచము క్రిందనో స్నానాలగదిలోనో దూరును. ప్రాణమైన మాంసపు ముక్క యెదుట పెట్టినను వాసన చూడదు. ఇది చూచి ఇంటివారు నవ్వుదురు. దొంగను పట్టునని పెంచిన కుక్క టపాకాయకు జడిసినదని ఎగతాళి. అందులో ధీరుడొకడు, అలవాటు పడవలెనని, దానిని గొలుసు పట్టి వీధిలోనికి ఈడ్చును.

ఈ అలవాటు సిద్ధాంతమునకు సమాధానము పావ్లోవు ప్రయోగశాలలో దొరకును. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడు నగరమును వరద ముంచెత్తినది. పావ్లోవు కుక్కలు బోనులలో చిక్కుకొన్నవి. నీరు మెడల దాక వచ్చిన పిదప, వానిని ఈదించి తెచ్చి రక్షించిరి. తరువాత చూడగా కొన్ని కుక్కలు నేర్చినదంతయు మరచిపోయినవి. ఎంతో శ్రమపడి మరల నేర్పినారు. అంతట ఒకనాడు తలుపు క్రిందుగా కొంచెము నీరు గదిలోనికి పారనిచ్చిరి. నేర్పినదంతయు మరల చెదరిపోయినది. వరద ఒక్కసారియే వచ్చినది. భయము మాత్రము తరలిపోలేదు. అలవాటు చేయుదునని కుక్కను వీధిలోనికి ఈడ్చువాడు నిజమునకు వరదనే మరల తెచ్చుచున్నాడు.

అలవాటు చేయు మార్గము లేకపోలేదు. అదియు పావ్లోవు చూపిన సూత్రమునుండి పుట్టినదే. టపాకాయల ధ్వనిని ఫోనులో పెట్టి, కుక్క చెవి రిక్కించునంత మెల్లగ మాత్రమే వినిపించుచు, దానికి మిక్కిలి ప్రియమైన తిండి పెట్టవలెను. తినుట మానినచో ధ్వని హెచ్చైనదని గ్రహించి తగ్గింపవలెను. రోజుకు కొన్ని నిమిషములు. ధ్వనిని పెంచుట వీసమెత్తు చొప్పున. ఇది పండుగ ముందటి రెండు నాళ్ళలో అగు పని కాదు. వినాయక చవితి వెళ్ళిన నాడు మొదలిడినచో దీపావళికి ఏడెనిమిది వారములు చిక్కును. ఆ నడుమ వీధిలో అసలు టపాకాయలు పేలినచో, ఆనాటికి పాఠము మానవలెను.

ఇక పండుగ రాత్రి సంగతి. పిల్లలు దివిటీలు కొట్టి, కాళ్ళు కడుగుకొని, నోరు తీపి చేసికొను వేళకే కుక్క పని పూర్తికావలెను: పొద్దు వాలకముందే వాహ్యాళి, పెందలకడ భోజనము. వీధివైపు గది కాదు, లోపలి గది మంచిది. కిటికీలు మూసి, తెరలు దించి, ఫ్యాను త్రిప్పి, రేడియోయో టీవీయో మోగనిచ్చినచో బయటి ప్రేలుడు కొంత మరుగుపడును. మంచము క్రింద దూరినచో దూరనీయవలెను. అది దాని కోట. యజమానురాలి పాతచీర యొకటి అక్కడ పరచినచో ఆ వాసనయే ధైర్యము. గొలుసుతో కట్టిన కుక్క బెదరి గుంజుకొని మెడకు ఉరి పోసికొనవచ్చును, కట్టరాదు.

దగ్గరకు వచ్చిన కుక్కను నిమిరినచో పిరికితనము ముదురునని పూర్వము కొందరు చెప్పెడివారు. నేటి పశువైద్యులు అట్లనరు. భయము తాయిలమునకై నేర్చిన విద్య కాదు. చేయి వేసినంత మాత్రమున పెరుగదు. ఇంటివారిలో ఒక్కరైనను ఆ గదిలో కూర్చుండుట అన్నిటికంటె మేలు. భయము మితిమీరు కుక్కకు వారము ముందే పశువైద్యుని కలిసి మందు అడుగవలెను. మనుష్యులు మ్రింగు నిద్రమాత్ర సగము విరిచి వేయుట ప్రమాదము.

ఒక చిన్న సంగతిని పలువురు మరతురు. ఆ రాత్రి మిఠాయి పళ్ళెము తెచ్చు బంధువుకై వీధితలుపు పదిమార్లు తెరచుచుందురు. కుక్కలు తప్పిపోవునది అట్టి క్షణముననే. మెడపట్టీకి ఫోను నెంబరు వ్రాసిన బిళ్ళ ముందే తగిలింపవలెను.

తలుపే లేని కుక్కల మాట వేరు. వీధికుక్క ఆగియున్న కారు క్రిందనో మెట్ల చాటుననో నక్కియుండును. గేటు ఓరగ తెరచి, మూల నొక నీళ్ళచిప్ప పెట్టినచో ఆ రాత్రికి చాలును. దాని తోకకు సీమటపాకాయల సరము కట్టి వేడుక చూచు కుర్రలు నేటికిని ఉన్నారు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము అది నేరము. దీపావళి సెలవు ఇచ్చు ముందటి దినమున బడిలో ఈ మాటతోపాటు సరమ కథ కూడ చెప్పినచో, చట్టముకంటె కథయే పిల్లల మనసున నిలుచునేమో.

చట్టము పెద్దలకును కలదు. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటల వరకు శబ్దము చేయు బాణసంచా కాల్చరాదని సుప్రీం కోర్టు 2005లో తీర్పు చెప్పినది. 2018లో దీపావళినాడు రాత్రి 8 మొదలు 10 వరకే అనుమతించినది. ఆ రెండు గంటలే నిజముగ పాటించినచో, ఇంతటి తంటా సగము తగ్గియుండెడిది. చిచ్చుబుడ్డి, మతాబు, కాకరపువ్వొత్తి వెలుగుకు కొదువ చేయవు, చెవులు చిల్లులు పొడువవు.

నేపాళములో ఈ నరక చతుర్దశినాడే కుక్కలకు పూజ. నొసట బొట్టు పెట్టి, మెడలో బంతిపూల దండ వేసి, విందు పెట్టుదురు. వీధికుక్కకు కూడ ఆనాడు దండ తప్పదు.

మరునాటి ఉదయము వాకిలి ఊడ్చుటకు ముందు కుక్కను వదలరాదు. పేలక మిగిలిన టపాకాయలు, చిందిన మందు దాని నోట పడినచో విషము. తొందరపెట్టి పిలువనక్కరలేదు. వాకిట నీళ్ళు చల్లి, ముగ్గు వేసి, పాలగిన్నె చప్పుడు వినబడిన కొంతసేపటికి మంచము క్రిందినుండి మొదట ముక్కు, పిదప ఒక కాలు బయటికి వచ్చును.