బొప్పాయాకు రసం పెంచేది ఏ అంకెను?

వానాకాలం ముదిరిందంటే కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు జ్వరమొచ్చినవాళ్లను పలకరించే తీరే మారిపోతుంది. 'ఎట్లుంది పానం?' అని కాదు, 'కణాలు ఎన్నున్నయి?' అని అడుగుతారు. డెంగీ రిపోర్టులో ప్లేట్‌లెట్లు 60 వేలు కనబడితే చాలు, ఇంట్లో ఒకరు బొప్పాయి ఆకుల వేటకు పోతారు, ఇంకొకరు పట్నం దవాఖానకు కారు మాట్లాడతారు.

ఆకు రసాన్ని ఉత్త నమ్మకమని కొట్టిపారేయలేం. 2013లో అచ్చయిన మలేషియా అధ్యయనంలో 228 మంది డెంగీ రోగులున్నారు. అందరికీ ప్లేట్‌లెట్లు లక్ష, అంతకంటే కిందికి దిగినవే. ఒక వర్గానికి మామూలు వైద్యంతో పాటు రోజూ పొద్దున తిన్న పావుగంటకు 50 గ్రాముల పచ్చి ఆకుల రసం ఇచ్చారు, 3 రోజులు. 40 గంటలయ్యేసరికి వాళ్ల కణాలు మిగతావాళ్లకంటే చురుగ్గా పెరిగాయి. మెలిక ఎక్కడంటే, రెండో వర్గానికి రసంలా కనిపించే ఉత్తుత్తి మందేదీ ఇవ్వలేదు. పైగా ముఖ్యంగా కొలిచింది కణాల సంఖ్యనే. రసం వల్ల ప్రాణాలు నిలుస్తాయా అన్నది ఆ లెక్కతో తేలేది కాదు.

డెంగీ క్యాలెండర్ డెంగీది. జ్వరం 2 నుంచి 7 రోజులు. లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాల్సిన ప్లేట్‌లెట్లు మధ్యలో పడిపోయి, వారం దాటాక చాలామందిలో వాటంతట అవే లేస్తాయి. ఐదో రోజు భయపడి రసం మొదలుపెట్టి, ఎనిమిదో రోజు కణాలు లక్ష దాటాయని సంబరపడితే, ఆ పేరు ఆకుకు ఇవ్వాలా, ఒంటికి ఇవ్వాలా?

ఇలాంటి కథే పాశ్చాత్య దేశాల్లో ఎల్డర్‌బెర్రీ పండుది. నార్వేలో 60 మంది ఫ్లూ రోగులకు దాని సిరప్ ఇస్తే సగటున 4 రోజులు ముందే తేరుకున్నారని 2004లో రాశారు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ 87 మంది మీద చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. అందులో సిరప్ తాగినవాళ్లకు తగ్గడానికి 5.3 రోజులు, ఉత్తుత్తి మందు తాగినవాళ్లకు 4.9 రోజులు పట్టింది. అంటే లాభం సున్నా. సహజమైనదే కదా అన్న ధీమా కూడా పనికిరాదు: 1983లో కాలిఫోర్నియాలో ఆకులు, కాడలతో సహా పచ్చిగా పిండిన ఎల్డర్‌బెర్రీ రసం తాగి 11 మంది అస్వస్థులైతే, 8 మందిని హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది.

మళ్లీ డెంగీకి వస్తే, అందులో ప్రాణం తీసేది ఎక్కువగా కణాల కొరత కాదు, రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోవడం. దాని జాడ అదే రిపోర్టులో, ప్లేట్‌లెట్ల వరుసకు కాస్త అవతల, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) అన్నచోట ఉంటుంది. ఎవరూ చూడరు. మామూలుగా 40 ఉండే మనిషికి 48 అయిందంటే, అంటే 20 శాతం పెరిగిందంటే, రక్తం చిక్కబడుతోందన్నమాట. బీపీలో పై అంకెకూ కింది అంకెకూ తేడా 20కి పడిపోయినా షాక్ మొదలైనట్టే. 100/80 చూసి 'మంచిగనే ఉంది' అనుకునే ఇళ్లు ఎన్నో!

కణాలు ఎక్కిస్తే పోలేదా అంటారు. సింగపూర్, మలేషియాల్లో 20 వేలకు దిగినా రక్తస్రావం పెద్దగా లేని 372 మంది మీద ఆ ముచ్చటా తేల్చారు. ఎక్కించినవాళ్లలో 21 శాతానికి, ఎక్కించనివాళ్లలో 26 శాతానికి రక్తస్రావమైంది. అది గణాంకాల్లో నిలిచే తేడా కాదు. దుష్ప్రభావాలు మాత్రం ఎక్కించినవైపు 13, అటువైపు 2.

చేదు బొప్పాయాకు రసం తాగి వాంతి చేసుకుంటే ఒంట్లో నీళ్లు ఇంకా తగ్గుతాయి. ఓఆర్‌ఎస్, గంజి, కొబ్బరినీళ్లు కొద్దికొద్దిగా తాగించి, 4 నుంచి 6 గంటలకోసారైనా మూత్రం వస్తోందో లేదో చూడటం మేలు. జ్వరానికి డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసిటమాల్. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వద్దు.

మోసం జరిగేది జ్వరం దిగాకే. దిగింది కదా అని పొలానికి పోతారు. ఆ 24 నుంచి 48 గంటలే గండం. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తు, చల్లబడ్డ చేతులు: ఇందులో ఏదున్నా ఎల్లారెడ్డి వైపు ఊళ్లవాళ్లు లింగంపేట మీదుగా కామారెడ్డికి పట్టే సమయాన్ని కూడా లెక్కలో వేసుకుని వెంటనే 108కి ఫోన్ చేయాలి, రిపోర్టులో కణాలు లక్ష మీదున్నా సరే.