సైకిలుకు పేరు పెట్టుకున్నవాళ్ళు

సైకిలుకు పేరేమిటి అని నవ్వేవాళ్ళు ఉంటారు. ఎద్దుకు పేరుంటే నవ్వరు. పడవకు పేరుంటే నవ్వరు. అర్జునుడి శంఖానికీ, వింటికీ కూడా విడివిడిగా పేర్లున్నాయని బడిలో మనచేత బట్టీ పట్టించారు. అదే మాలపల్లెలోనో మాదిగగూడెంలోనో ఒక కూలీ తన సైకిలు చైను కవరు మీద 'రాణి' అనో, 'భీమ్' అనో, చనిపోయిన తల్లి పేరో రాయించుకుంటే మాత్రం అది పిచ్చి అంటారు, సినిమాల ప్రభావం అంటారు.

దళిత జీవితాన్ని చదువుతున్న మాబోటివాళ్ళం కూడా దీన్ని చాలాకాలం పట్టించుకోలేదు. భూమి, కూలి, బావి, గుడి, దాడులు - వీటి గురించి రాశాం. రాయాల్సిందే. కానీ కులం పెద్ద విషయాల్లోనే ఉంటుందనుకోవడం పొరపాటు. 1985లో కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర అడిగిన ఒక్క మాటతో మొదలైంది. 1991లో చుండూరులో సినిమా హాల్లో కాలు తగలడంతో మొదలైంది. ఊరికి 'చిన్న' విషయాలుగా కనబడేవే వాడకు ప్రాణాంతకం అవుతున్నాయి. అందుకే సైకిలు మీది పేరును కూడా చదవాల్సిన రాతగానే చూడమంటున్నాం.

పేరు లేకుండా చేయడం

మనుస్మృతి రెండో అధ్యాయంలోనే పేర్ల పంపకం జరిగిపోయింది. బ్రాహ్మణుడి పేరు శుభాన్ని, క్షత్రియుడి పేరు బలాన్ని, వైశ్యుడి పేరు ధనాన్ని సూచించాలట. శూద్రుడి పేరు మాత్రం అసహ్యం పుట్టించేదిగా ఉండాలట. ఇక వర్ణానికే బయట ఉంచినవాళ్ళ పేరు గురించి చెప్పేదేముంది?

ఈ సూత్రం శ్లోకం చదవని ఊళ్ళలో కూడా అమలైంది. వెంకయ్య అని తల్లి పెట్టుకున్న పేరు ఊళ్ళోకి వచ్చేసరికి 'ఎంకిగాడు' అయింది. ఎల్లయ్య 'ఎల్లిగాడు' అయ్యాడు. ముందు కులం, వెనక 'గాడు', మధ్యలో విరిచేసిన పేరు. అరవై ఏళ్ళ మనిషిని పదేళ్ళ పిల్లవాడు 'ఒరే' అని పిలవొచ్చు. విచిత్రం ఏమిటంటే, ఆ ఇంట్లో ఎడ్లకు రాముడు, లక్ష్మణుడు అని పూర్తి పేర్లుండేవి. వాటిని మేపి, కడిగి, రాత్రిళ్ళు కాపలా పడుకున్న పాలేరుకు సగం పేరే మిగిలింది.

క్రైస్తవం ఇక్కడ ఒక పని చేసింది. 1878లో ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషనరీ క్లౌ ఆధ్వర్యంలో ఒక్కరోజులోనే రెండువేల పైచిలుకు మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. బాప్తిస్మంతో చాలామందికి కొత్త పేరు వచ్చింది: యోహాను, పౌలు, మార్తమ్మ, మరియమ్మ. విరిచి పిలిస్తే నోటికి తిరగని పేర్లవి. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు తర్వాత ఆ పేరు కాగితం మీద రాసుకోవడమే కష్టమైంది. క్రైస్తవుడివంటే ఎస్సీ సర్టిఫికెట్ పోతుంది. దాంతో బడి రిజిస్టరులో ఒక పేరు, చర్చిలో ఇంకో పేరు. ఊరు పిలిచేది మూడోది. ఇందులో తన పేరు ఏది?

ఎక్కకుండా చేయడం

పేరు సంగతి అది. వాహనం సంగతి కూడా అంతే. ఊళ్ళోకి వచ్చేటప్పుడు చెప్పులు చేత పట్టుకోవాలి, తలగుడ్డ తీసి నడుముకు చుట్టుకోవాలి. సైకిలు వచ్చాక ఆ జాబితాలో అదీ చేరింది. దొరల వీధి మొదట్లో దిగాలి, నడిపించుకుంటూ పోవాలి, వీధి దాటాక ఎక్కాలి. కాళ్ళు ఎత్తి కూర్చున్నవాడు అరుగు మీద కూర్చున్న పెద్దమనిషితో సమానమైన ఎత్తులో కనబడతాడు గదా! గొడవ అంతా ఆ ఎత్తుది.

ఇది తాతల కాలం మాట అనుకోవద్దు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు. 2016 జనవరి 26 నుంచి సవరణ అమల్లోకి వచ్చింది. దళితులు, ఆదివాసులు బహిరంగ ప్రదేశాల్లో సైకిలు గానీ మోటారు సైకిలు గానీ ఎక్కకుండా, చెప్పులు గానీ కొత్తబట్టలు గానీ వేసుకోకుండా అడ్డుకోవడం నేరమని అందులో విడిగా రాశారు. పెళ్ళి ఊరేగింపు, గుర్రం ఎక్కడం కూడా అక్కడే ఉన్నాయి. పార్లమెంటు కూర్చుని సైకిలు అనే మాటను నేరాల చట్టంలోకి ఎక్కించాల్సి వచ్చిందంటే, ఆ నేరం ఎంత మామూలుగా జరుగుతోందో అర్థం చేసుకోవచ్చు.

ఏం పేర్లు, ఎందుకు?

ఇప్పుడు చైను కవరు దగ్గరికి వద్దాం. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పటికే సైకిలు మీద ఒక పేరుంటుంది: హీరో, అట్లాస్, హెర్క్యులిస్, రాలీ. అన్నీ వీరుల పేర్లో, దొరల పేర్లో. అద్దె సైకిలైతే మట్‌గార్డు మీద షాపు పేరు, ఒక నంబరు. గంటకింత అని తీసుకున్నవాడు ఆ నంబరుకే జవాబుదారీ. రిక్షా సంగతి ఇంకా అన్యాయం. చాలాచోట్ల బండి సేటుది. చెమట తొక్కేవాడిది, వెనక రేకు మీద పేరు సేటు ఇంటిది.

సొంత సైకిలు కొన్న రోజు ఇదంతా తిరగబడుతుంది. కోతల కూలీ దాచి కొన్నదీ, పెళ్ళిలో వాచీ, రేడియోతోపాటు వచ్చినదీ - ఏదైనా అది కుటుంబంలో మొదటి యంత్రం, చాలామందికి మొదటి ఆస్తి. భూమి లేనివాడికి పట్టా ఉండదు, పట్టా లేనివాడికి పేరు రాసుకునే కాగితం ఉండదు. బోర్డులు రాసే పెయింటరు దగ్గర నిలబడి పేరు రాయించుకోవడం అంటే ఆ పట్టా రాయించుకోవడమే.

మాకు తెలిసిన వాడల్లో ఈ పేర్లు మూడు రకాలుగా కనబడ్డాయి. ఒకటి, మనుషుల పేర్లు: తల్లివి, బిడ్డవి, కొత్తపెళ్ళికూతురివి. రెండు, విశ్వాసం పేర్లు: కృప, ఎబినేజరు, బేతేలు. సర్టిఫికెట్ మీద రాయలేకపోయిన చర్చి పేరును చైను కవరు మీద నిర్భయంగా రాసుకున్నవాళ్ళు ఉన్నారు. మూడు, ఉద్యమం పేర్లు: భీమ్, జైభీమ్. అంబేద్కర్ విగ్రహాలు ఊరూరా లేస్తున్న కాలంలోనే ఇవి సైకిళ్ళ మీదికి వచ్చాయి. విగ్రహం నిలబడ్డ చోటే ఉంటుంది. సైకిలు మీది భీముడు మాత్రం దొరల వీధిలోంచి కూడా వెళ్ళాడు.

రాయించకుండా పిలుచుకునే పేర్లూ ఉన్నాయి. "రాణికి గాలి తగ్గింది", "రాణి ఇవాళ మొరాయించింది" అంటారు. ఇందులో ముద్దు ఉంది, కాదనం. కానీ ముద్దుతోపాటు మర్యాదా ఉంది. తనను 'గాడు' అన్న ఊళ్ళో తన బండిని 'రాణి' అని పిలుచుకుంటున్నాడు. ఎవరికి ఏ పేరు పెట్టాలో ఇన్నాళ్ళూ ఊరే చెప్పింది. ఒక్క దగ్గరైనా ఆ అధికారం ఇతని చేతికి వచ్చింది.

పేరు ఆమెది, సీటు ఎవరిది?

ఇక్కడ మనం ఆగి మన వాడలోకి కూడా చూసుకోవాలి. సైకిలు మీద ఆడబిడ్డ పేరు ఉంది. సైకిలు ఎక్కింది మాత్రం మగవాడు. పెళ్ళికి ఇచ్చిన సైకిలు వెనక ఆమె తల్లి నాట్లు వేసిన కూలి ఉంది. ఆమె నాలుగు మైళ్ళు నడిచి కలుపుకు పోయింది, ఆమె పేరు చక్రాల మీద పోయింది. దీన్ని గౌరవమని సరిపెట్టుకుంటే మనం కూడా మనువు పక్కనే నిలబడినట్టు.

తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతోపాటు వేలమంది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. వాళ్ళలో వ్యవసాయ కూలీలు, రాతి క్వారీల్లో పనిచేసేవాళ్ళు ఉన్నారు. మొదట వెక్కిరించినవాళ్ళే తర్వాత ఊరుకున్నారు. 2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళివ్వడం మొదలుపెట్టింది. మన దగ్గరా 'బడికొస్తా' పేరుతో ఇచ్చారు. ఆ సైకిళ్ళ మీద పథకం పేరు ఉంటుంది. పిల్ల మేకుతో గీసి దాని కింద తన పేరు రాసుకుంటుంది. ఆ గీతను బళ్ళో పంతుళ్ళు ప్రభుత్వ ఆస్తిని పాడుచేయడంగా చూడొద్దని మా మనవి.

పెద్ద పేర్లు, చిన్న పేర్లు

పేరు మార్చుకోవడం మన ఉద్యమానికి కొత్త కాదు. 1917లో బెజవాడలో పంచమ మహాజన సభకు అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డివర్మ, పంచములమన్న మాటనే తోసేసి ఆది ఆంధ్రులమన్నారు. 1983లో కాన్షీరాం డి.ఎస్.4 కార్యకర్తలతో సైకిళ్ళ మీదనే ఉత్తరాది రాష్ట్రాలు తిరిగారు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా, తిట్టుగా వాడిన 'మాదిగ' అనే మాటనే ఇంటిపేరులా పేరు చివర నిలబెట్టింది. ఇవి చరిత్రకెక్కాయి. చైను కవరు మీది పేరు ఎక్కలేదు. రెండింటిలోనూ ఉన్న పని ఒక్కటే: మా పేరు మేమే పెట్టుకుంటాం.

ఇప్పుడు వాడల్లో సైకిళ్ళు తగ్గి మోటారు సైకిళ్ళు వచ్చాయి. 2020లో అట్లాస్ కంపెనీ తన చివరి ఫ్యాక్టరీలో కూడా ఉత్పత్తి ఆపేసింది. పాత సైకిళ్ళు పాత ఇనుము కిందికి కిలోల లెక్కన పోతున్నాయి, వాటితోపాటు పేర్లూ పోతున్నాయి. విద్యార్థులు, ఉపాధ్యాయులు, కార్యకర్తలు తమ వాడల్లో పెద్దవాళ్ళను అడగండి. మీ సైకిలు పేరేమిటి? ఎవరు రాశారు? ఆ పేరే ఎందుకు? దాని మీద ఏ వీధిలోకి పోలేకపోయారు? ఇంట్లో ఆడవాళ్ళు ఎప్పుడైనా ఎక్కారా? జవాబులను వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. అడిగేటప్పుడు ముందుగా వాళ్ళ పూర్తి పేరు అడగండి. ఆ పేరుతోనే, 'గారు' అని చేర్చి పిలవండి.